చదివింపుల పుస్తకంలో రాయలేని డబ్బు

టెక్కలి దగ్గర ఒక పల్లె నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. భర్త ఏడేళ్లుగా కేరళలో, పెరుంబావూరులో ఒక ప్లైవుడ్ ఫ్యాక్టరీలో పని చేస్తున్నారు. నాలుగు నెలల కిందట కేరళ లాటరీలో కోటి రూపాయల మొదటి బహుమతి తగిలింది. కోతలు పోగా 63 లక్షలు ఖాతాలో పడ్డాయి. బావగారు సగం వాటా అంటున్నారు. భర్తతో ఒకే గదిలో ఉండే స్నేహితుడు టికెట్ డబ్బుల్లో సగం తనదే అంటున్నాడు. ఆడపడుచు బంగారం అడిగింది, సొంత తమ్ముడు టిప్పర్ అప్పుకి హామీ సంతకం అడిగాడు. "ఇంక మీ పింఛను డబ్బులు మీరే ఉంచుకోండి" అని అత్తగారితో అంటే, ఆవిడ మర్నాడే పెద్దకొడుకు ఇంటికి వెళ్లిపోయి మాట మానేశారు. భర్త ఊరికి రానంటున్నారు. "డబ్బొచ్చి మేం చెడ్డవాళ్లమైపోయామా?" అని చివర్లో అడిగారు.

అమ్మా, మీరు చెడ్డవాళ్లు కారు. మీ బావగారు కూడా కారు. ఈ మాట మిమ్మల్ని ఓదార్చడానికి అనడం లేదు. 31 ఏళ్లు విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల బ్యాంకు బ్రాంచీల్లో పనిచేశాను. భోగాపురం విమానాశ్రయానికి భూములిచ్చినవాళ్ల పరిహారం ఖాతాల్లో పడ్డ రోజుల్లో ఆ చుట్టుపక్కలే ఉన్నాను. అంతకుముందు దాకా ఎరువుల అప్పు రెన్యువల్ కోసం నా టేబుల్ ముందు నిలబడ్డ రైతులు ఒక్కసారి లక్షల మనుషులయ్యారు. ఏడాది తిరిగేసరికి అన్నదమ్ములు వేరువేరుగా బ్రాంచికి రావడం మొదలుపెట్టారు, ఒకరు లోపల ఉంటే ఇంకొకరు బయట వేపచెట్టు కింద నిలబడేవారు. వాళ్లలో ఆశపోతులు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతావాళ్లంతా మంచివాళ్లే, అయినా విడిపోయారు. ఎందుకని చాలా ఏళ్లు ఆలోచించాను.

మీ ఇంట్లో చదివింపుల పుస్తకం ఉంటుంది కదా. మీ పెళ్లికి ఎవరు 116 చదివించారో, ఎవరు 516, ఎవరు స్టీలు బిందె ఇచ్చారో అందులో ఉంటుంది. వాళ్లింట్లో శుభకార్యం వస్తే ఆ పుస్తకం తీసి, అంతకి పైన కాస్త వేసి తిరిగి చదివిస్తారు. మన ఊళ్లలో చుట్టరికం, స్నేహం బతికేది ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదే. మా మడిలో ఊడ్పుకి మీరొస్తే మీ మడికి మేమొస్తాం. మీ ఉద్దానం వైపు నుంచి పనసపండు వస్తే ఇటునుంచి మామిడితాండ్ర వెళ్తుంది. ఎవరూ పూర్తిగా బాకీ తీర్చరు, ఎవరూ పూర్తిగా బాకీ పడరు. ఆ కాస్త బాకీయే మళ్లీ గుమ్మం ఎక్కడానికి కారణం.

మీ 63 లక్షలు ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ పట్టవు. మీరు ఇస్తే అవతలివాళ్లు జన్మలో తిరిగి చదివించలేరు, కాబట్టి తీసుకున్నవాడు తల దించుకుంటాడు. ఇవ్వకపోతే అవమానం. ఎటుచూసినా మనిషి దూరమవుతాడు. మీ ఇంట్లో నాలుగు నెలలుగా జరుగుతున్నది ఇదేనని నా నమ్మకం.

నా సొంత అనుభవం చెప్తాను. భోగాపురం దగ్గర మా నాన్నగారి రెండెకరాలు కూడా ఆ భూసేకరణలో పోయాయి. నా వాటా డబ్బు వచ్చిన నెలలోనే నా చిన్ననాటి స్నేహితుడు కూతురి పెళ్లికి మూడు లక్షలు అడిగాడు. తాపీమేస్త్రి. ఒకటో తరగతి నుంచి ఒకే పలకమీద రాసినవాళ్లం. బ్యాంకువాణ్ని కదా, నోటు రాయించుకుని ఇచ్చాను, వడ్డీ వద్దన్నాను. ప్రతి వేసవికీ గెల తాటికాయలు సైకిల్ వెనక కట్టుకొచ్చి మా అరుగు మీద కూర్చుని ముంజెలు కొట్టి ఇచ్చేవాడు. ఆ వేసవి రాలేదు. తరవాతి వేసవీ రాలేదు. బస్సులో నన్ను చూస్తే ఒక స్టాపు ముందే దిగిపోయేవాడని తరవాత తెలిసింది. మూడేళ్లు దాటి నోటుకి కాలదోషం పట్టింది. నేను పెద్దమనసు చూపిస్తున్నాననుకుని ఇంటికి వెళ్లి, ఆ బాకీ మర్చిపో అన్నాను. ముఖం ఎర్రబడిపోయింది. "ఏటిరా, నాకు దర్మం సేస్తన్నావా? నానేటి నీ గుమ్మంలో అడుక్కున్నానా?" అన్నాడు. అప్పిచ్చినందుకు దూరమైనవాడు, మాఫీ చేసినందుకు శత్రువయ్యాడు.

దాన్ని బాగుచేసింది నా భార్య. మా ప్రహరీ గోడ పడిపోతే, నాతో చెప్పకుండా ఆయన్నే పిలిచింది. కూలి బాకీలో కోసుకోమన్నాడు, సరేనంది. ఆ తరవాత మెట్లు, వెనకవైపు వరండా. బాకీ ఇంకా సగం పైనే ఉంది. నాకు ఏం గుర్తుందంటే, గోడ సగం లేచిన రోజు ఆయన మా నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటూ మా ఆవిణ్ని టీ అడిగాడు. మూడున్నరేళ్ల తరవాత. ఈ వేసవికి ముంజెలు వచ్చాయి.

ఇప్పుడు మీవాళ్ల సంగతి. అందరికంటే ముందు ఆ గదిలో స్నేహితుడు. మీరు ఆయన గురించి ఒక్క వాక్యం రాసి వదిలేశారు, నాకైతే అన్నిటికన్నా పెద్ద విషయం అదే అనిపించింది. ఆయన పాతిక రూపాయలు ఇచ్చిన మాట నిజమేనా? మీ ఆయన్ని ఒంటరిగా, కోపం లేకుండా అడగండి. కేరళలో పనిచేసే మనవాళ్లు చాలామంది వంతులవారీగానో, చెరిసగం వేసుకునో టికెట్లు కొంటారు. ఈ వారం నువ్వు, వచ్చే వారం నేను అనే ఏర్పాటు ఉండి ఉంటే, టికెట్ వెనక సంతకం ఎవరిదైనా సగం ఆయనదే. కాగితం లేకపోయినా అది ఒప్పందమే, కోర్టుకి వెళ్తే సాక్షులుగా ఆ గదిలో మిగతావాళ్లు ఉంటారు. కోర్టు మాట పక్కన పెట్టండి, ఏడేళ్లు ఒకే కుక్కర్‌లో వండుకు తిన్న మనిషి. ఆ సగం నిజమైతే ఇవ్వాల్సిందే, మిగతా లెక్కలన్నీ ఆ తరవాతే. అలాకాక ఆ రోజు చిల్లర లేక పాతిక చేబదులు ఇచ్చాడంతే అయితే అది వాటా కాదు. అప్పుడు కూడా ఆ మాట మీ ఆయన ఎదురుగా కూర్చుని చెప్పాలి, ఫోన్ ఎత్తడం మానేసి కాదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆదాయపు పన్ను చట్టంలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అమ్మానాన్నలు, భార్య తోబుట్టువులు, పిల్లలు బంధువుల లెక్కలోకి వస్తారు. వీళ్లకి ఎంత బహుమతి ఇచ్చినా తీసుకున్నవాళ్లకి పన్ను లేదు. స్నేహితుడు ఆ జాబితాలో లేడు. పెదనాన్న కొడుకు కూడా లేడు. ఏడాదిలో 50 వేలు దాటి ఉచితంగా అందితే ఆ మొత్తమంతా వాళ్ల ఆదాయం కింద పన్నుకి వస్తుంది. కాబట్టి స్నేహితుడికి వాటా ఇవ్వాల్సి వస్తే నగదుగా ఇవ్వొద్దు, ఖాతా నుంచి ఖాతాకే. అది బహుమతి కాదు, కలిసి కొన్న టికెట్‌లో ఆయన వాటా అని కాగితం రాసుకుని, ముందుగా ఒక ఆడిటర్‌కి చూపించండి.

అసలు 63 లక్షలూ మీవి కావు. బహుమతి కోటి, అందులో ఏజెంటు కమీషను పది లక్షలు పోయి 90 లక్షలు, దాని మీద 30 శాతం అంటే 27 లక్షలు ముందే కోసుకుని మిగతాది వేశారు. లాటరీ ఆదాయానికి మామూలు మినహాయింపులేవీ వర్తించవు. ఆదాయం 50 లక్షలు దాటింది కాబట్టి ఆ పన్ను మీద పది శాతం సర్‌ఛార్జి 2,70,000, ఆ రెండింటి మీదా నాలుగు శాతం సెస్సు 1,18,800. మొత్తం 3,88,800 మీరు ఇంకా కట్టాలి. మార్చి దాకా ఆగకుండా, వచ్చే అడ్వాన్స్ టాక్సు (ఏడాది ముగియకముందే కట్టే పన్ను) వాయిదాలోనే కట్టేస్తే వడ్డీ భారం తగ్గుతుంది. ఇది తెలియక మొత్తం పంచేసుకుని, తరవాత నోటీసు చూసి అప్పు చేసే పరిస్థితి రాకూడదు. ఈ అంకె మీ బావగారికి కూడా చూపించండి. ఊళ్లో ఆయన చెవిన పడింది "కోటి". కోటిలో సగం ఆయన మనసులో 50 లక్షలు. మీ దగ్గర మొత్తం ఉన్నదే 59 లక్షల చిల్లర.

లాటరీ మన రాష్ట్రంలో నిషేధం కదా, పోలీసులొస్తారేమో అని ఎవరో భయపెట్టారని రాశారు. మన దగ్గర అమ్మకం నిషేధం. 1998 కేంద్ర చట్టం ప్రకారం ఏ రాష్ట్రమైనా తన లాటరీ నడుపుకోవచ్చు, మరో రాష్ట్రం తన గడ్డ మీద దాని అమ్మకాన్ని ఆపొచ్చు. మీ ఆయన కేరళలో కొన్నారు, కేరళ ప్రభుత్వమే చెల్లించింది. ఆ భయం వదిలేయండి.

బావగారి సంగతి. చట్టం అడిగితే లాటరీ డబ్బు మీ ఆయన స్వార్జితం, అన్నకి వాటా లేదు. ఈ ముక్క ఏ వకీలైనా చెప్తాడు, కానీ దాన్ని మీరు ఆయన మొహం మీద అన్నరోజున ఇంక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఏడేళ్లుగా మీ మామగారి పొలం ఎవరు చూశారు? ముసలావిడని ఆసుపత్రికి ఎవరు తిప్పారు? మీ ఆయన మొదటిసారి రైలెక్కినప్పుడు ఛార్జీ ఎవరిచ్చారు? ఆయన అడుగుతున్న సగంలో ఈ లెక్క ఉంది. అది వాటా కాదు, బాకీ. బాకీ అని మీ ఆయన తన నోటితో ఒప్పుకుంటే సగం వేడి అక్కడే తగ్గుతుంది. తరవాత ఆయన ఇంట్లో ఏం కాలుతోందో చూడండి. తాకట్టులో ఉన్న పొలమైతే విడిపించండి. బ్యాంకులో అప్పైతే నేరుగా ఆ ఖాతాకే కట్టండి. అప్పుగా మాత్రం వద్దు. నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. ఇవ్వగలిగింది ఇచ్చేయండి, లేదంటే లేదని చెప్పండి. మధ్యలో నోటు రాయించుకోవడం అనేది బంధువుల మధ్య విషం.

ఆడపడుచుకి సంక్రాంతికి పెట్టే సారెతో పాటు ఒక్కసారి బంగారం పెట్టండి. ఇద్దరు ఆడపడుచులుంటే గ్రాము తేడా లేకుండా ఇద్దరికీ. అంతే. మీ తమ్ముడి టిప్పర్‌కి సంతకం పెట్టొద్దు. హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. వాడు రెండు వాయిదాలు తప్పితే బ్యాంకు మీ డిపాజిట్ వైపే చూస్తుంది, ఆ పని నేను ఉద్యోగంలో ఎన్నోసార్లు చేశాను. వాడికి ఏదైనా చెయ్యాలనుంటే డౌన్ పేమెంట్‌లో కొంత ఊరికే ఇవ్వండి.

మీకు మిగిలినదాంట్లో ఐదో వంతుకి మించకుండా ఒక మొత్తం అనుకోండి. అదే మనవాళ్లకి. ఒక్కసారి కూర్చుని, ఎవరికెంతో ఇద్దరూ రాసుకుని, అందరికీ ఒకే అంకె చెప్పండి. ఒకరికి రహస్యంగా ఎక్కువిస్తే నెల తిరక్కుండా మిగతావాళ్లకి తెలుస్తుంది. మిగతాది ఇద్దరి పేరు మీద, ఇద్దరి సంతకాలూ ఉంటేనే తీసేలా డిపాజిట్ చెయ్యండి. ఎవరైనా అడిగితే "ఇద్దరం బ్యాంకుకి వెళ్తేనే వస్తుంది, ఆయన కేరళలో ఉన్నారు" అనడం అబద్ధం కాదు. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక్కో మనిషికి ఐదు లక్షల వరకే కాబట్టి అంతా ఒకేచోట పెట్టొద్దు. పోస్టాఫీసు నెలవారీ పథకంలో ఇద్దరి పేరు మీద 15 లక్షల దాకా వేసుకోవచ్చు. నామినీ పేరు తప్పకుండా రాయించండి. స్నేహితుడి వాటా లేకుండా మొత్తం మీదే అయి, మనవాళ్లకి ఐదో వంతు ఇచ్చేశారనుకోండి, 47 లక్షలు ఉంటాయి. ఆరున్నర శాతం వడ్డీ అనుకున్నా నెలకి 25 వేలు. బతకడానికి ఆసరా అది, దర్జా చెయ్యడానికి చాలదు. మూడు రూపాయల వడ్డీ ఇప్పిస్తామని వచ్చేవాళ్లని గుమ్మంలోంచే పంపేయండి.

ఇప్పుడు మీ అత్తగారు. ఇక్కడ మాత్రం మీరిద్దరూ పొరపాటు చేశారు, ప్రేమతోనే చేశారు.

భోగాపురం దగ్గర ఒక ముసలావిడ గుర్తొస్తోంది. కొడుకు ఆవిడ పేరు మీద కూడా కొన్ని లక్షలు వేశాడు. అయినా ప్రతి నెలా పింఛను రోజున కర్ర పట్టుకుని వచ్చేది. పాస్‌బుక్కులో అంత డబ్బుంటే ఈ ఎండలో ఎందుకమ్మా అన్నాను. "ఇదైతే నాది బావూ, అదేటో ఆలది" అంది. పింఛను తీసుకుని బయట బండి దగ్గర మనవలకి జంతికలు కొనేది. ఆ పొట్లం పట్టుకుని ఇంట్లోకి వెళ్లేటప్పుడు ఆవిడ ఇంటిపెద్ద.

మీ అత్తగారికి నెలకి నాలుగు వేలు వస్తుంది. మీరు రాసినదాన్నిబట్టి అందులో సబ్బులకీ ఉప్పుకీ పప్పుకీ, పిల్లల చేతిలో పది రూపాయలకీ ఆవిడ ఇచ్చేది. ఏడేళ్లు మీ ఆయన డబ్బు ఆలస్యమైన ప్రతి నెలా ఆ పింఛనే మీ పొయ్యి వెలిగించింది. దాన్ని మీరు ఇంక అక్కర్లేదన్నారు. సుఖపడమని మీరన్నది ఆవిడ చెవికి "నువ్వు అక్కర్లేదు" అని వినిపించింది. మీరు ఆవిడకి ఎన్ని లక్షలిస్తారన్న గొడవే లేదు. ఆవిడ దగ్గర తీసుకోవడం మానేశారు, అదే ఆవిడకి తగిలిన దెబ్బ.

మీరు వెళ్లి "పప్పు నిండుకుంది అత్తా, ఈ నెల మీరివ్వలేదు" అని అడగండి. నటించమనడం లేదు. నిజంగానే ఆవిడ డబ్బుతో పప్పు కొనండి, ఆ పప్పే వండండి. అలాగే ఊళ్లో ఎవరైనా ఆనపకాయ తెచ్చినా, జీడిపప్పు పొట్లం తెచ్చినా "మాకెందుకండీ" అనకండి. తీసుకోండి. మర్నాడు గిన్నె ఖాళీగా తిప్పి పంపకుండా మీ ఇంట్లో ఉన్నదేదో వేసి పంపండి. శుభకార్యాలకి పుస్తకంలో ఉన్న లెక్కకి కాస్త పైనే చదివించండి, పది వేలు చదివించి పక్కవాడి 516ని చిన్నబుచ్చకండి.

మీ ఆయన కేరళలోనే ఉండిపోతే గొడవ చల్లారుతుందని అనుకుంటున్నట్టున్నారు. 2022లో కేరళ లాటరీ ఓణం బంపర్‌లో 25 కోట్లు గెలిచినాయన, అడిగేవాళ్ల తాకిడికి సొంతింట్లో ఉండలేక, జబ్బుపడ్డ పిల్లాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లలేక, ఈ బహుమతి రాకపోయినా బాగుండేదని వీడియోలో చెప్పుకున్నారు. తరవాత కేరళ లాటరీ శాఖ గెలిచినవాళ్లకి డబ్బు నిర్వహణ మీద శిక్షణ పెట్టింది. మంచి పనే. కానీ ఊరితో ఎలా మాట్లాడాలో ఏ శాఖా నేర్పదు, అది మనిషి వచ్చి కూర్చుంటేనే అవుతుంది.

ఇంకో సంగతి ఉంది, దీని గురించి ఎవరూ ఆలోచించరు. కెనడాలో లాటరీ గెలిచినవాళ్ల ఇరుగుపొరుగుని పరిశీలిస్తే, బహుమతి ఎంత పెద్దదైతే పక్కింటివాళ్లలో దివాళా తీసినవాళ్లు అంత పెరిగారని తేలింది. పక్కవాడిలా కనబడాలని అప్పు చేసి ఖర్చుపెట్టడమే దానికి కారణమని ఆ పరిశోధకులు రాశారు. మీ వీధిలో కూడా అది మొదలయ్యే ఉంటుంది. మీ ఊరి కుర్రాళ్లు ఫోన్‌లో కేరళ లాటరీ కొంటున్నారని రాశారు కదా. కేరళ లాటరీ కాగితం టికెట్ మాత్రమే, ఆన్‌లైన్‌లో అమ్మరు. వాళ్లు పంపుతున్నది మోసగాళ్లకి. ఈ మాట మీ ఆయన వచ్చి చెప్తే వింటారు, ఇంకెవరు చెప్పినా అసూయ అనుకుంటారు. అందుకే ఇప్పుడప్పుడే పెంకుటింటిని పడగొట్టి మేడ ఎత్తకండి, కారు కొనకండి. కనీసం ఒక ఏడాది.

పండక్కి రమ్మనండి. ఎప్పటిలాగే ఆలువాలో ధన్‌బాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయనగరంలో దిగి బస్సులో టెక్కలి రమ్మనండి. ప్రతిసారీ తెచ్చే అరటికాయ చిప్సు పొట్లాలే తెమ్మనండి, ఎన్ని తెస్తారో అన్నే. ముందు అన్నగారింటికి వెళ్లి, అమ్మ అక్కడే ఉంది కాబట్టి ఆ పూట అక్కడే అన్నం తినాలి. డబ్బు మాట ఆ రోజు ఎత్తకూడదు. మర్నాడు అన్నదమ్ములిద్దరూ పొలం గట్టు మీద కూర్చుని, పన్ను కాగితం ముందు పెట్టుకుని మాట్లాడుకోవచ్చు.

ఈలోగా ఆ స్నేహితుడి పాతిక రూపాయల సంగతి ఏం తేలిందో మళ్లీ ఇక్కడ రాయండి. వాటా నిజమైతే ఆ కాగితంలో ఏయే వివరాలు ఉండాలో, ఆడిటర్ని ఏమడగాలో ఒక్కొక్కటీ చెప్తాను. ఆయన పేరు, ఊరు మాత్రం ఇక్కడ రాయకండి.